పెద్దపాదం గడప అల్లుడు

ఆ సాయంత్రం మేం నడిపే విడిది ఇంటి గుమ్మంలో ముగ్గురం కలిసి ఒక కాలు పట్టుకుని లాగుతున్నాం. కాలు మా ఆయన టొకుజిది. ముగ్గురిలో నేనొకదాన్ని. మిగతా ఇద్దరూ ఒసాకా నుంచి అప్పుడే దిగిన అతిథులు. పాపం, మంచు మీద నాలుగు రోజులు జారి పోదామని వచ్చిన వాళ్ళు, వచ్చీ రాగానే ఇంటాయన కాలు పట్టుకోవలసి వచ్చింది.

"ఊఁ, అందరూ ఒకేసారి!" అన్నాడు వాళ్ళలో లావుపాటాయన.

చలికి బిగుసుకుపోయిన కొత్త స్కీ బూటు ఒక్కసారిగా ఊడింది. దాన్ని పట్టుకున్న లావుపాటాయన కూడా దానితోపాటు వెనక్కి పోయి చెప్పుల అరలో పడ్డాడు. మా ఆయన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, ఆయనకి నడుము దాకా వంగి దణ్ణం పెట్టాడు.

"క్షమించాలి. నా కాలు తమరికి శ్రమ ఇచ్చింది."

ప్రాణం పోతున్నా మర్యాద తప్పడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ మర్యాదతోనే నా ప్రాణం తీస్తున్నాడు. మేజోడు తీసి చూద్దును కదా, బొటనవేలి గోరు నేరేడుపండులా ఉంది.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"అబ్బే, నొప్పి అని కాదు."

"మరి?"

"నాకు కాలు ఉందని తెలుస్తోంది. అంతే."

ఆ బూట్లు మా నాన్న కొనిచ్చినవి. అసలు తంటా అంతా అక్కడే ఉంది. వేరే ఎవరు కొనిచ్చినా ఈపాటికి వాటిలో ఉల్లిమొక్కలు పెంచుతూ ఉండేదాన్ని.

మా తకనోయు ఊళ్ళో సగం మందికి ఇంటిపేరు ఒక్కటే, తకిజవా. అందుకని ఎవరి గడపకి వాళ్ళకి వేరే పేరు ఉంటుంది. నీళ్ళమర గడప, కింది చావడి గడప, గంటల గడప, ఇలాగ. మాది పెద్దపాదం గడప. ఏనాడో కప్పులు మునిగేంత మంచు పడి ఊరికి దారి తెగిపోతే, మా ముత్తాతల్లో ఒకాయన కొండ మీది కనుమ దాకా మంచు తొక్కుకుంటూ పోయి ఉప్పు తెచ్చాడట. ఆయన పాదాలు అన్నం వడ్డించే పళ్ళేలంత ఉండేవట. ఆ పాదాల మీద మా వంశం ఇప్పటికీ నిలబడి ఉంది. మంటల పండగనాడు దివిటీలు పట్టుకుని కొండ మీద నుంచి స్కీల మీద దిగే వరసకి ముందు నడిచేది మా గడప పెద్దే. అది ఎవరూ రాసిచ్చింది కాదు, ఎవరూ అడగరు కూడా.

ఆ పెద్ద మా నాన్న ఇసబురో. ఎనభై దాటినా మొన్న మొన్నటి దాకా దివిటీ పట్టుకుని దిగాడు. కిందటేడు మోకాలు మొరాయిస్తే మా బాబాయి కొడుకు యసకు ముందు నడిచాడు. నడిచినవాడు ఊరుకోకుండా ఏడాది పొడుగునా ఆ సంగతే మాట్లాడాడు. ఇక ఈ ఏడు కొత్త సంవత్సరం పులుసు తాగుతూ నాన్న తల ఎత్తకుండానే అన్నాడు.

"ఈసారి అల్లుడుగారు ముందు నడుస్తారు."

టొకుజి చేతిలో ఉన్న బియ్యపుండ జారి పులుసులో పడింది. తుడిచే గుడ్డ తెస్తానని లేచి వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే కొట్టుగదిలో ఆవాకుల ఊరగాయ పీపాల మధ్య నిలబడి ఆ గుడ్డతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఎందుకో నాకు తెలుసు. నేను ఒక్కతే కూతుర్ని. ఈయన సముద్రం ఒడ్డునున్న చేపల ఊరి నుంచి మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. మా ఇంటిపేరు తీసుకున్నాడు, మా గడప పేరు తీసుకున్నాడు, మంచంటే ఏమిటో తెలియనివాడు పాతికేళ్ళు దాటాక స్కీలు నేర్చుకున్నాడు. నాన్నని "నాన్నగారూ" అని పిలుస్తాడు. నాన్న మాత్రం పెళ్ళినాటి నుంచీ "అల్లుడుగారూ" అనే అంటాడు. మర్యాదకి ఏ లోటూ లేదు గానీ, ముప్పై ఏళ్ళుగా వాకిట్లో నిలబెట్టి మాట్లాడుతున్నట్టే ఉంటుంది ఆ పిలుపు. ఊరు కూడా తక్కువది కాదు. ఆయన జాగ్రత్తగా, నెమ్మదిగా స్కీల మీద దిగుతుంటే, "ఇల్లరికపు అల్లుడు టోఫు మోసుకొస్తున్నాడురోయ్" అనేవాళ్ళు. ముట్టుకుంటే చితికిపోయే సోయా జున్ను అది. ఆ ఒక్క దివిటీ చేతికొస్తే ఈ మాటలన్నీ ఆగిపోతాయని ఆయన ఆశ. నా ఆశ కూడా.

పాత బూట్లు, అంటే నాన్న వాడి వదిలేసినవి, పగుళ్ళు వచ్చి ఉన్నాయి. అందుకని నాన్న స్వయంగా హత్సుయో దుకాణానికి వెళ్ళి, "మా గడప కొలత తెలుసుగా, అన్నిటికన్నా వెడల్పువి ఇవ్వు," అని కొత్తవి తెచ్చి ఈయన ముందు పెట్టాడు. ఆ క్షణం నుంచీ మా ఆయన కాలు కాలిన పిల్లే.

హత్సుయో నాతో చదువుకున్నది. ఊళ్ళో స్కీలు, బూట్లు అమ్మేది అదే. నోరు పెద్దది, మనసు మంచిది, చెవులు మాత్రం లేవు. బూట్లు పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళాం.

"ఎక్కడ నొప్పండీ అన్నయ్యగారూ?"

"వేళ్ళ దగ్గర. మడమ దగ్గర కూడా. పైన కూడా కొంచెం..." అంటూ ఏదో తప్పు చేసినట్టు ఆగిపోయాడు ఈయన.

"ఇంకేముంది, ఇరుకైపోయాయి! పెద్దపాదం వాళ్ళ కాలంటే మాటలా!" అని హత్సుయో బూటు గట్టిడొప్పని వేడిచేసి, లోపల జాకీ పెట్టి, పళ్ళు బిగించి సాగదీసింది.

మర్నాడు నొప్పి ఎక్కువైంది. కాలు లోపల ముందుకీ వెనక్కీ పోతోందని, పట్టు దొరకడానికి బకిల్స్ ఇంకా బిగించానని ఈయన చెప్పాడు. బిగిస్తే తిమ్మిరెక్కుతోందట, వదులు చేస్తే వేళ్ళు వెళ్ళి గోడకి కొట్టుకుంటున్నాయట. మళ్ళీ వెళ్ళాం. హత్సుయో మళ్ళీ సాగదీసింది. నొప్పి ఇంకా పెరిగింది. ఇంకోసారి వెళ్ళాం. ఈసారి అది ఇంట్లోంచి వాళ్ళాయన్ని కూడా పిలిచి, ఇద్దరూ కలిసి సాగదీశారు. చివరికి ఆ బూటులో పిల్లి పిల్లల్ని పెట్టి కాపురం చేసేటంత చోటు ఏర్పడింది. మా ఆయన గోళ్ళు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి నల్లబడుతూనే ఉన్నాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగ అప్పుడే యసకు దుకాణంలోకి వచ్చాడు. పెద్ద ఒళ్ళు, పెద్ద పాదాలు, ఆ రెండింటికన్నా పెద్ద నవ్వు.

"ఏం బావగారూ, బూట్లు కరుస్తున్నాయా? కుక్కపిల్లని పెంచుకున్నా ఇంతకన్నా నయం కదా!"

"అబ్బే, అలవాటైపోతాయి."

"అయితే సరే. కాకపోతే మొహమాటపడకండి. నేనున్నానుగా, పోయినేడు దారి నాకు కంఠతా వచ్చేసింది. పెదనాన్నతో నేను చెప్తాలెండి."

"నువ్వు చెప్పక్కర్లేదురా," అన్నాను. "ముందు నీ నోటికి కాస్త ఊరుకోమని చెప్పుకో."

వాణ్ణి అలా అన్నాను కానీ లోపల నాకూ గుబులే. పండగ రేపే. ఈయన మెట్లు దిగడానికే గోడ పట్టుకుంటున్నాడు. నాన్నతో చెప్పమంటే చెప్పడు. "ఆయన అంత ప్రేమగా కొనిచ్చారు, బావుండలేదని ఎలా చెప్పను?" అంటాడు. పోనీ పాత బూట్లు అతికించి వేసుకోమంటే, "కొత్తవి కొనిచ్చాక పాతవి వేసుకుంటే ఏమనుకుంటారు?" అంటాడు. కాలికి వేస్తే మెడకి, మెడకి వేస్తే కాలికి. ఇలాంటి మనిషి తనకి ఊపిరాడకపోయినా, ఎవరికో ఇబ్బందని ఊరుకుంటాడు.

ఆ రోజు చీకటి పడకముందే, అతిథులు కొండ మీద నుంచి రాకముందే, ఇంట్లోవాళ్ళం వేడినీటి స్నానాలు ముగించే వేళ. నేను వంటింట్లో అన్నం కలుపుతూ నడవలోకి తొంగి చూశాను. నున్నటి చెక్కనేల మీద స్నానాల గది నుంచి తడి అడుగులు వరసగా ఉన్నాయి. సన్నటి అడుగులు. మడమ ఒక చుక్క, వేళ్ళ మొదలు ఒక చుక్క, మధ్యలో దారంలాగ చిన్న గీత. ఎంత సొగసైన పాదం అంటే, నాకే ఒక్క క్షణం ముచ్చటేసింది.

ఆ అడుగులు తిన్నగా నా పడగ్గదిలోకి వెళ్ళాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది. మేడ మీద గదిలో నాట్యం నేర్పే పంతులమ్మ ఒకావిడ దిగి ఉంది. పొద్దున టొకుజి ఆవిడకి వంగి వంగి దణ్ణాలు పెట్టడం నేను చూశాను. చేతిలో ఉన్న అన్నపు గరిటెతోనే వెళ్ళి తలుపు ఒక్క తోపు తోశాను.

గదిలో మా ఆయన ఒక్కడే కూర్చుని వేళ్ళకి మందు రాసుకుంటున్నాడు.

"ఏదండీ అది?"

"ఏది?"

"బుకాయించకండి! ఆ సన్నకాళ్ళది!" అంటూ పరుపుల అలమర తలుపు లాగాను. పరుపులు తప్ప ఏమీ లేవు. వాటిని కూడా గరిటెతో రెండు పోట్లు పొడిచి చూశాను.

"కియోమీ, జ్వరం గానీ వచ్చిందా?" అన్నాడాయన భయం భయంగా.

చెయ్యి పట్టుకుని నడవలోకి లాక్కొచ్చి అడుగులు చూపించాను. ఆయన వంగి శ్రద్ధగా చూశాడు. "ఎవరివో పాపం, చక్కగా ఉన్నాయి," అన్నాడు.

అప్పుడు నాకేదో తట్టింది. ఆయన కాళ్ళ మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి, "నడవండి," అన్నాను. నడిచాడు. మడమ ఒక చుక్క, వేళ్ళ మొదలు ఒక చుక్క, మధ్యలో దారం. నా కాలు కూడా తడిపి ఆ పక్కనే వేశాను. చాపలా పడింది నా అడుగు. ఆ రెండూ పక్కపక్కన చూస్తే కొంగ వెనకాల బాతు నడిచినట్టుంది.

"ఏమండీ, మీ పాదాలు సన్నగా ఉన్నాయేమిటి?"

"ఎప్పట్నుంచి?" అన్నాడాయన కంగారుగా, నన్నే.

నేను గోడకి జారబడి నవ్వాను. నవ్వుతుంటే ఆయన మాత్రం నవ్వకుండా తన కాళ్ళవంకే చూస్తున్నాడు. మా ఊళ్ళో ఏడాదిలో సగం రబ్బరు బూట్లు, సగం చెప్పులు, గడప దాటి లోపలికొస్తే వట్టికాళ్ళు. పాదం కొలత ఎవరు చూస్తారు?

"నాన్నగారు మొదటి శీతాకాలంలోనే చెప్పారు కదా," అన్నాడు నెమ్మదిగా. "ఈ ఇంటి పాదాలు వెడల్పు, బూట్లు వెడల్పువే కొనాలని. నేను ఉండేది ఈ ఇంట్లోనే కదా మరి."

నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఆ మంచి మనిషిని పట్టుకుని గట్టిగా తిట్టాలనిపించింది, గట్టిగా వాటేసుకోవాలనిపించింది. అన్నం అడుగంటుతున్న వాసన వస్తే వంటింట్లోకి పరిగెత్తాను.

మర్నాడు తెల్లవారగానే ఆయన్ని హత్సుయో దుకాణానికి ఈడ్చుకెళ్ళాను. నేను చెప్పింది విని అది కళ్ళు పెద్దవి చేసింది.

"సన్న బూట్లా? మీ గడపకా? మీ నాన్న నన్ను ఊళ్ళో ఉండనిస్తాడా? నీకేమైనా పిచ్చా!"

"ముందు కొలిచే బల్ల తియ్యవే."

"అదా? అది బయటూళ్ళ వాళ్ళ కోసం. మనవాళ్ళకి కొలతలెందుకు? గడప పేరు చెబితే చాలదూ?"

"హత్సుయో, బల్ల తీస్తావా, నేనే లోపలికి రానా?"

తీసింది. మా ఆయన పాదం దాని మీద పెట్టాడు. హత్సుయో చూసింది. బల్లని తిప్పి చూసింది. బల్లలో లోపముందేమోనని తన కాలు పెట్టి చూసుకుంది. దాన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును, అది ఏదైనా రెండోసారి సరిచూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

"అన్నయ్యగారూ," అంది చివరికి గొంతు తగ్గించి, "మీది పొడుగు కూడా ఒక అంకె తక్కువేనండీ. నేను... నేను వాటిని ఇంకా సాగదీశాను."

"చాలా బాగా సాగదీశారు," అన్నాడు మా ఆయన, దాన్ని ఓదార్చడానికి.

చిక్కేమిటంటే, ఆ కొలతలో సన్నటి బూట్లు దుకాణంలో ఒకే ఒక్క జత ఉన్నాయి. తెప్పించాలంటే వారం పడుతుంది, పండగ ఆ రాత్రికే. ఆ ఉన్న జత ఆడవాళ్ళది. ఊదా రంగు. మడమ దగ్గర తెల్లటి పువ్వులు కూడా ఉన్నాయి.

"కాలికి పువ్వు కనబడదులెండి, తొడగండి," అన్నాను.

తొడిగాడు. లోపల కాలు "టక్" మని కూర్చుంది. బకిల్స్ వేలితో నొక్కితే పడ్డాయి. లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు వంచాడు, మళ్ళీ లేచాడు. జేబులో ఉండాల్సిందేదో కనబడనివాడిలా అటూ ఇటూ చూశాడు.

"ఏమైందండీ? ఎక్కడ నొప్పి?"

"అదే వెతుకుతున్నాను."

మళ్ళీ వంగాడు. ఇంకోసారి. తర్వాత బల్ల మీద కూలబడి నా మొహంలోకి చూశాడు.

"కియోమీ, బూటంటే ఇదా? అందరికీ ఇలాగే ఉంటుందా?"

ముప్పై శీతాకాలాలు ఈ మనిషి నా వెనకాల, నొప్పితో, టోఫు మోసుకొస్తున్నాడన్న నవ్వులు వింటూ, అందరికీ ఇంతే కాబోలు అనుకుంటూ ఈ కొండలు దిగాడు. నేనూ ఆ నవ్వుల్లో కలిసి నవ్వాను.

అయితే ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. బూట్లు విప్పి, జాగ్రత్తగా తుడిచి, హత్సుయో ముందు పెట్టేశాడు.

"ఇవి వద్దు."

"ఎందుకు?"

"నాన్నగారు వెడల్పు బూట్లిచ్చి ముందు నడవమన్నారు. ఇవి వేసుకుని వెళ్ళి నిలబడితే, నేను పెద్దపాదం వాణ్ణి కానని ఊరంతటికీ చాటింపు వేసినట్టే కదా. ఆ తర్వాత ఆయన దివిటీ యసకుకే ఇస్తారు. ఇవ్వాలి కూడా."

"నేను నాన్నతో మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడితే నేను ఊరు విడిచి వెళ్ళిపోతాను," అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. ఆ మాట మీద నేను నోరు మూసుకున్నాను. బూట్లు మాత్రం సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

సాయంత్రం అయ్యేసరికి గుడి ముందు మంటలు మొదలయ్యాయని పిల్లలు కేకలు వేసుకుంటూ పోతున్నారు. నాన్న ముందే వెళ్ళిపోయాడు. మా ఆయన గడ్డిటోపీ, తెల్లటి పై అంగీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఎదురుగా రెండు జతలు. ఒక పక్క నాన్న ఇచ్చిన నల్లటి పడవలు, ఇంకో పక్క ఊదా రంగువి. నేను ఏమీ అనకుండా నిలబడ్డాను. అనకుండా నిలబడటం నాకెంత కష్టమో ఆ దేవుడికే తెలియాలి.

నల్లదానిలో కాలు పెట్టాడు. బకిల్ బిగించాడు. మొహం ముడుచుకుపోయింది. లేచి ఒక్క అడుగు వేసి, తూలి, గోడ పట్టుకున్నాడు.

"నేను ముందు పడితే," అన్నాడు గోడతో మాట్లాడుతున్నట్టు, "వెనకాల వరసంతా దివిటీలతో నా మీద పడుతుంది."

"అవును."

"నన్ను మావాడు కాదన్నా పర్వాలేదు. మంటల్లో జనం పడకూడదు."

కూర్చుని నల్లవి విప్పేశాడు. ఊదావి తొడుక్కున్నాడు. మా గడప తొక్కాక ఈయన మా నాన్న మాట దాటింది అదొక్కసారే.

గుడి ముందు ఊరంతా ఉంది. దివిటీలు పట్టుకునేవాళ్ళు వరసగా నిలబడ్డారు, ఈయన వెనకే యసకు. నాన్న కర్ర ఆనించుకుని, వెలిగించని మొదటి దివిటీ చేత్తో పట్టుకుని వచ్చాడు. వస్తూ వస్తూ ఈయన కాళ్ళ దగ్గర ఆగాడు. మంట వెలుగులో ఆ ఊదా రంగు ఇంకా ఊదాగా ఉంది.

"బూట్లు," అన్నాడు నాన్న.

"అవునండీ, నాన్నగారూ."

"పువ్వులున్నాయి."

"అవునండీ."

నాన్న ఇంకా చూస్తూనే ఉన్నాడు. మా నాన్న పట్టిన కుందేటికి మూడే కాళ్ళని నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

"జారుతున్నాయా?"

"లేదండీ. సరిగ్గా ఉన్నాయి."

"ఊఁ," అన్నాడు నాన్న. దివిటీ ఈయన చేతిలో పెట్టాడు. "చలిగా ఉంది. తొందరగా వెళ్ళండి, అల్లుడుగారూ."

అల్లుడుగారు అన్నాడు మళ్ళీ. టొకుజి తల వంచుకుని కొండ ఎక్కే తీగబండి వైపు వెళ్ళాడు. నేను నాన్న పక్కన మంట దగ్గర నిలబడి, ఇక పట్టలేకపోయాను.

"నాన్నా, ఆయన కాళ్ళు సన్నవి. అందుకే ఆ బూట్లు. నీకు కోపం వస్తే నా మీద చూపించు."

"తెలుసు," అన్నాడు నాన్న.

"ఏం తెలుసు?"

"సన్నవని. మొట్టమొదటిసారి మనింటికి వచ్చినప్పుడు గుమ్మంలో విడిచిన చెప్పులు చూశాగా. చేపముళ్ళలా ఉన్నాయి."

అప్పుడు నా నోట వచ్చిన మాటలు పండగపూట అనవలసినవి కావు.

"తెలిసి! తెలిసి ముప్పై ఏళ్ళ పాటు ఆయనకి ఆ పడవలు తొడిగించావా?"

"మరేం చెయ్యమంటావమ్మాయ్? ఇంటికి తెచ్చుకున్న మర్నాడే చేతికి సన్న బూట్లిచ్చి, మావాళ్ళవి వెడల్పు, నీవి వేరు అనాలా? పరాయివాడివని చెప్పినట్టుండదూ? మనసు కష్టపెట్టుకోడూ?"

"కాళ్ళు కష్టపడ్డాయి నాన్నా!"

"నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదే. ఒకవేళ పెరిగాయేమో అనుకున్నాను."

"ఏం పెరిగాయి? పాదాలా? అవేమన్నా గుమ్మడికాయలా నాన్నా, పాకి పెరగడానికి?"

నాన్న కర్రతో ఒక కట్టెని మంటలోకి తోశాడు. ఒకరికి చెప్పడానికి మొహమాటం, ఇంకొకరికి అడగడానికి మొహమాటం. మధ్యలో పాపం పది వేళ్ళు. ఇద్దరినీ కలిపి మంచులో పాతెయ్యాలనిపించింది.

అంతలో కొండ నెత్తిన వెలుగు కనిపించింది. ఒకటి, దాని వెనక ఒకటి, పూసలు గుచ్చుతున్నట్టు దివిటీలు వెలిగాయి. జనం కేకలు వేశారు. వరస కదిలింది. మెలికలు తిరుగుతూ, ఎప్పటిలాగే నిదానంగా, నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నట్టే. అయితే మొదటి మలుపు తిరిగాక ముందున్న వెలుగు మిగతావాటి నుంచి కొంచెం విడివడింది. రెండో మలుపుకి బాగా విడివడింది. ఆ తర్వాత ఇక ఆ వెలుగుకీ వరసకీ సంబంధమే లేదు.

"ఎవర్రా అది?" అన్నాడు నాన్న కళ్ళు చికిలించి.

"టోఫు," అన్నాను.

స్కీలు మొదటిసారి తన మాట వింటున్నాయని ఆయన తర్వాత నాతో చెప్పాడు. ఎడమకి తిరగాలనుకుంటే చాలట, తిరిగిపోతున్నాయట. ఆ సంతోషంలో వెనకాల మనుషులున్నారన్న మాటే మర్చిపోయాడు. రయ్యిమని వచ్చి, మంచు అంతెత్తు ఎగరేసి, గుడి ముందు ఆగి, వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. చేతిలో దివిటీ, మొహంలో వెర్రి నవ్వు. మేమంతా ఆయన్ని, ఆయన మమ్మల్ని చూస్తూ, మిగతావాళ్ళు వచ్చేదాకా అలాగే నిలబడి ఉన్నాం. ఈలోపు ఆయన నవ్వు మెల్లగా చల్లారి భయమైంది. ఎడాపెడా అందరికీ దణ్ణాలు పెట్టడం మొదలెట్టాడు.

యసకు రొప్పుకుంటూ వచ్చి ఆగాడు.

"బావగారూ! ముందు నడవమన్నారు గానీ దొంగల్ని తరమమన్నారా?"

జనం గొల్లుమన్నారు. అది చాలక యసకు చూపు కిందికి పోయింది. వాడి మొహం వెలిగిపోయింది.

"అయ్యయ్యో, పువ్వుల బూట్లు! పెదనాన్నా, చూశావా? మన పెద్దపాదం గడప ముందు ఆడపిల్ల బూట్లు! అవేం కాళ్ళు పెదనాన్నా, అసలు మనవాళ్ళ కాళ్ళేనా అవి?"

నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. టొకుజి తల వంచుకున్నాడు. దివిటీని రెండు చేతులా పట్టుకుని నాన్న ముందు చాపాడు, తిరిగి తీసుకోమన్నట్టు.

నాన్న దివిటీ తీసుకోలేదు. కర్ర మంచులో గుచ్చి, గొంతు సవరించుకుని, ఊరంతా వినేలా అన్నాడు.

"నా కొడుకురా వీడు. కాళ్ళు మాత్రం వాళ్ళమ్మ పోలిక."

టొకుజి నడుము దాకా వంగాడు. వంగినవాడు మళ్ళీ లేవలేదు. స్కీలు విప్పుకోలేదేమో, అలా వంగి ఉండగానే మెల్లగా ముందుకి జారుతూ నాన్న వైపు వెళ్ళిపోతున్నాడు. అయినా లేవలేదు. చివరికి యసకే వెనకాలే జారుతూ వెళ్ళి అంగీ పట్టుకుని ఆపాడు.